సోషలే గదా అని తీసిపారేయకండి!

ఏమ్మా, ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఎసరు పెట్టారా? మంచిది, అది మరిగేలోపు ఒక సంగతి తేల్చుకుందాం.

మీ వాడు పదో తరగతికి వచ్చాడు గదా. లెక్కలకు ట్యూషన్ పెట్టారు. సైన్సుకు పెట్టారు. ఇంగ్లీషుకు వేరే సారును మాట్లాడారు. మరి సోషల్‌కో? "సోషలే గదా, పరీక్ష ముందు రోజు బిట్లు చూసుకుంటే సరిపోద్ది" అన్నారంట! ఎవరు చెప్పారని అడక్కండి. గోడలకు చెవులుంటాయి, మన రెండిళ్ల మధ్య ఉన్నది ఒకే గోడ.

నాకైతే మనసు చివుక్కుమంది. సోషల్‌ను ఎవరన్నా ఒక మాటంటే నేను ఊరుకోలేను. హైస్కూల్లో చెప్పే చదువుల్లో ఇంత రుచైన చదువు ఇంకోటి లేదు. అందులోనూ మన వెలిగండ్ల పిల్లకాయలకు! వీళ్లకు సగం పాఠం ఇంటి చుట్టూనే ఉంది. ఎట్టాగంటారా? చెప్తా, తొందరపడకండి.

ముందు ఆ పుస్తకాల సంచి ఇట్టా ఇవ్వండి. పదో తరగతి సోషల్ అంటే ఒక పుస్తకం కాదు, నాలుగు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదోతరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలే. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. మీరూ చదవొచ్చు, మొహమాటం ఎందుకు? ఇదివరకు పబ్లిక్ పరీక్షలో సోషల్ ఒకటి, సోషల్ రెండు అని రెండు రోజులు రాయించేవాళ్లు. ఇప్పుడు నాలుగు పుస్తకాలకూ కలిపి ఒకటే పేపరు, వంద మార్కులు. ఆ పుస్తకాల్లో గారిబాల్డీ ఉన్నాడు. దండి ఉప్పు ఉంది. గూడెం కొండల్లో మన అల్లూరి ఉన్నాడు. బెల్జియం ఉంది, శ్రీలంక ఉంది, బ్యాంకు అప్పు ఉంది, వినియోగదారుడి హక్కు ఉంది. ఇన్ని ఉన్న పుస్తకాలను పట్టుకుని "సోషలే గదా" అంటారా! నోరెట్టా వచ్చిందమ్మా?

సరే, కోపం పక్కనబెడతా. మీ మామగారు ఏరీ? అరుగు మీద కూర్చున్నారా? ఎనభై దాటాయి గదూ? అయితే ఆయనే ఒక పెద్ద పాఠం.

చూడండి. ఆయన పుట్టినప్పుడు వెలిగండ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడింది. ఇదంతా రాష్ట్రం సంగతి. జిల్లా మాటేంది? అప్పట్లో మన కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. మనం నెల్లూరు నుంచి వచ్చాం, మార్కాపురం, గిద్దలూరు వాళ్లు కర్నూలు నుంచి వచ్చారు, ఒంగోలు వాళ్లు గుంటూరు నుంచి వచ్చారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 1985లో ఎన్టీఆర్ తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చారు. మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలని పడమటి వాళ్లు ఏళ్ల తరబడి అడిగితే, 2025లో ప్రభుత్వం ఆ కొత్త జిల్లాకు ముందుకొచ్చింది. పెద్దాయన అరుగు దిగలేదు, చిరునామా మాత్రం మారతానే ఉంది!

మీ వాణ్ణి తాత పక్కన కూర్చోబెట్టి, ఆయన పాత కాగితాలు బయటికి తీయించండి. భూమి పత్రం మీద ఏ జిల్లా, బడి సర్టిఫికెట్ మీద ఏ తాలూకా, ఆధార్ మీద ఏ మండలం. ఒక్క సాయంత్రం చాలు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అనే అంతలావు మాట వాడికి జన్మలో మర్చిపోవాలన్నా మర్చిపోలేని సంగతి అయిపోద్ది.

జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం గారి సంగతి ఎత్తితే నన్ను ఆపడం కష్టం. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు. పదో తరగతి చరిత్రలో సైమన్ కమిషన్ అని ఒక పేరా వస్తది గదా, 1928. ఆ సైమన్ గోబ్యాక్ నాడు మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపింది ఈయనే. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రీ ఈయనే. ఆ పేరాకొచ్చినప్పుడు మన సోషల్ సారు పుస్తకం మూసి ఈ కథ చెప్తే, ఏ పిల్లకాయ నిద్రపోతాడో చూస్తా!

ఇంకో చిత్రం వినండి. అసలీ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం అన్నింటినీ ఒకచోట కలిపి చెప్పాలన్న ఆలోచన ఎక్కడిది? 1916లో అమెరికాలో ఒక విద్యా సంఘం నివేదికతో సోషల్ స్టడీస్ అనే పేరు బాగా నాటుకుంది. మన దేశంలో 1952-53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్ సాంఘిక శాస్త్రం అందరికీ చెప్పాలని గట్టిగా చెప్పింది. దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. చరిత్ర పంతులు కాదు, పురుళ్లు పోసే డాక్టరు! మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇరవయ్యేళ్లకు పైగా వైస్ ఛాన్సలర్. కవలల్లో ఒకరు. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, 1887లో మన పక్కనున్న కర్నూల్లో. చూశారా, సోషల్‌కు పురుడు పోసిన చెయ్యి కూడా మన దిక్కుదే.

ఏంది, గడియారం చూస్తున్నారు? చూడండి చూడండి, ఆ గడియారంలోనూ పాఠం ఉంది. మన దేశానికంతా ఒకటే టైము. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తది. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతది. మన కనిగిరి దిక్కు ఉన్నది దాదాపు 79.5 డిగ్రీల దగ్గర. మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే సూర్యుడు కాకినాడ వాళ్ల నడినెత్తికి చేరాక, మన నెత్తి మీదికి రావడానికి దాదాపు ఇంకో పన్నెండు నిమిషాలు పడతది. చేతిగడియారాలు మాత్రం రెండు చోట్లా ఒకటే చూపిస్తయి. ఎంత బాగుందో చూడండి!

ఇంకా ఉంది. మనం కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాం, అక్షాంశం పదిహేను డిగ్రీలు దాటి కొంచెం. అందుకని ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 10 దాపుల ఇంకోసారి. మేలో ఎట్టాగూ బడికి సెలవులు. ఆగస్టులో బడి ఉంటది గదా. మబ్బు లేకపోతే మధ్యాహ్నం పన్నెండుంపావు దాటాక బడి ఆవరణలో ఒక కర్ర నిటారుగా పాతి చూడమనండి. కర్ర నీడ కర్ర కిందికే దూరిపోద్ది. ఢిల్లీ పిల్లలు తలకిందులుగా తపస్సు చేసినా వాళ్ల ఊళ్లో ఈ వింత చూడలేరు. వాళ్లు కర్కట రేఖకు ఉత్తరాన ఉన్నారు మరి. మన ఎండను తిట్టుకోవడమేనా, ఎప్పుడన్నా ఇట్టా మురిసిపోవద్దూ?

ఎండ అన్నాక నీళ్ల మాట రాక తప్పదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ మీకు నేను చెప్పేదేముంది. భూగోళంలో "నీటి వనరులు" అని ఒక పాఠం ఉంది. అందులో భాక్రానంగల్, హీరాకుడ్. బాగానే ఉంది. కానీ మన పిల్లకాయలకు ఆ పాఠం మొదలుపెట్టాల్సింది వెలిగొండ నుంచి. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఉన్న మూడు సందుల్ని మూసేస్తే నల్లమల సాగర్ అనే జలాశయం. 43.5 టీఎంసీల కృష్ణా నీళ్లు, నాలుగున్నర లక్షల ఎకరాల దాకా సాగు, తాగడానికి లక్షల మందికి. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. పొలానికి నీళ్లు చేరాల్సి ఉంది. ఈ బొమ్మ గీయమనండి మీ వాణ్ణి. నది ఎక్కడ, కొండ ఎక్కడ, సొరంగం ఎటు, కాలువ ఎటు. పరీక్షలో అడగరంటారా? అడక్కపోతేనేం! రేపు ఆ నీళ్ల కోసం మండల ఆఫీసులో అడగాల్సింది వీడే గదా.

పాత కాలం వాళ్ల తెలివి చూడాలంటే కంభం పోదాం పదండి. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య నుంచి దూరే చోట కట్ట వేసి చెరువు చేశారు. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. వెలిగొండలు దాటి అవతలికి దిగితే కడప జిల్లా పోరుమామిళ్ల. అక్కడి చెరువు 1369 నాటి శాసనం చదివితే కళ్లు తిరుగుతయ్యమ్మా! విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువు కట్టాలంటే ఏమేం ఉండాలో పన్నెండు లక్షణాలు, ఏమేం ఉండకూడదో ఆరు దోషాలు రాతిలో చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాయించాడు. మన ఉపాధి హామీ మస్టరు ఎట్టా రాస్తారో ఆ రోజుల్లోనే రాశారు చూడండి. 2020లో ఈ రెండు చెరువులకూ, మన కర్నూలు-కడప (కేసీ) కాలువకూ కలిపి అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వాళ్లు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చారు. రెండు చెరువులూ మన చుట్టుపక్కలవే. మన పిల్లకాయలకేమో ఈజిప్టు పిరమిడ్లు తెలుసు, పోరుమామిళ్ల శాసనం తెలియదు. ఇది న్యాయమేనా, మీరే చెప్పండి.

ఖనిజాల పాఠం తీయండి. నెల్లూరు అభ్రకం ఉంటది. పక్కన ఖాళీలో పెన్సిలుతో ఇంకో రెండు రాసుకోమనండి. ఒకటి, చీమకుర్తి నల్ల గ్రానైట్, చుక్కల ఆకాశంలా మెరిసే గెలాక్సీ రాయి. రెండు, మార్కాపురం పలక. మీరూ నేనూ అ ఆలు దిద్దిన పలక ఆ భూమిలోంచి పొరలు పొరలుగా లేచిన రాయే. దేశంలో ఎంతమంది మొదటి అక్షరం మార్కాపురం రాయి మీద దిద్దారో!

అర్థశాస్త్రం అంటే కొందరు మొహం చిట్లిస్తారు. ఎందుకట? ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో పిల్లకాయలు చదివింది పాలంపూర్ అనే ఊరి కథ. అది ఊహించి రాసిన ఊరు. దాదాపు 450 కుటుంబాలు, పొలాలు, బోర్లు, కూలి రేట్లు, పాల వ్యాపారం, చిల్లర కొట్లు. చదువుతుంటే మన ఊరే అనిపిస్తది. మరి "వెలిగండ్ల కథ" ఎవరు రాయాలి? మన పిల్లకాయలే. ఎవరి బోరు ఎన్ని అడుగులు పోయింది, ఎన్ని ఎండిపోయినయి. కంది ఎంత వేశారు, పొగాకు ఎంత వేశారు. పొగాకు కనిగిరి వేలం కేంద్రంలో ఏ ధరకు పోయింది. ఏ ఇంట్లో ఎవరు హైదరాబాదు పనికి పోయారు, ఎవరు బెంగళూరు పోయారు, నెలకు ఎంత పంపిస్తున్నారు. నలుగురు పిల్లకాయలు నాలుగు వీధులు తిరిగితే పాఠం తయారు. అది చదివితే పట్నంలో కూర్చున్న పెద్ద ఆఫీసరుకు కూడా మన ఊరు అర్థమవుద్ది.

ఇదిగో, ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట చెప్తా. పాఠం చదివితే ఏమొస్తది అంటారు చూడండి, వాళ్లకు దూబగుంట చూపించాలి. పామూరు దాటి నెల్లూరు దిక్కు పోతే కలిగిరి మండలంలో ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా పొలంలో వంగిన ఆడవాళ్లు రాత్రి లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లు. ఆ వాచకంలో సారాకు సంసారం ఆహుతైన సీతమ్మ అనే ఆవిడ కథ ఒక పాఠం. చదివారు. "ఇది మన కథే గదా" అనుకున్నారు. మాట్లాడుకున్నారు. లేచిపోయి ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యం మొత్తాన్నీ నిషేధించింది. ఆ నిషేధం ఎన్నాళ్లు నిలిచింది అనేది వేరే సంగతి. అక్షరాలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఒక్క పాఠంతో ప్రభుత్వాన్ని కదిలించారా లేదా? అదే జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి కూడా లేచింది. ఇప్పుడు మీరు నెలనెలా పోయే డ్వాక్రా మీటింగు ఉందే, పదో తరగతి "డబ్బు, పరపతి" పాఠంలో స్వయం సహాయక బృందాలు అని ఉన్నది దాని గురించే. మీ వాడికి ఆ పాఠం చెప్పడానికి సారు అక్కర్లేదమ్మా, మీరు చాలు!

పౌరశాస్త్రం ఎట్టాగూ వదలను. మొదటి పాఠమే బెల్జియం. అక్కడ దేశం మొత్తం మీద డచ్చి మాట్లాడేవాళ్లు 59 శాతం, ఫ్రెంచి వాళ్లు 40 శాతం. రాజధాని బ్రస్సెల్స్‌కు వస్తే తలకిందులు, ఫ్రెంచి 80, డచ్చి 20. కొట్టుకు చావకుండా అధికారం ఎట్టా పంచుకున్నారో అదే పాఠం. దూరదేశం సంగతి మనకెందుకు అనుకోకండి. ట్యాంకరు వచ్చినప్పుడు పై వీధి, కింద వీధి వంతులు పెట్టుకోవడమూ అధికారం పంచుకోవడమే. ఇక పంచాయతీకి రాజ్యాంగ బలమిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైనయి. మన ఊరి సచివాలయం గోడ మీద ఏ సేవకు ఎన్ని రోజులో రాసి ఉంటే పిల్లకాయలతో చదివించండి. 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో పిల్లల అసెంబ్లీ పెట్టారు, 175 నియోజకవర్గాల నుంచి ఒక్కొక్కరు చొప్పున. స్పీకరు, ముఖ్యమంత్రి, ప్రతిపక్షం అన్నీ పిల్లలే. అట్టాంటిది ప్రతి హైస్కూల్లో నెలకొకటి పెడితే ఎంత బాగుంటది! మధ్యాహ్న భోజనం మీద ఒక ప్రశ్న, మరుగుదొడ్ల మీద ఒక తీర్మానం. అబ్బో, నేనైతే కిటికీలోంచి చూడ్డానికైనా వస్తా.

మ్యాప్ పాయింటింగ్ మాట మర్చిపోతే పాపం తగులుద్ది. ఖాళీ భారతదేశం పటం మీద వేలు పెట్టి నర్మద ఎటు, మహానది ఎటు అని వెతికే ఆ సుఖం ఉందే! మార్కులూ చేతిలో పెట్టినట్టు వస్తయి. దానికి గుట్టు ఒక్కటే. రోజూ అట్లాసు తీసి ఒక్క నది మీద వేలితో నడవడం. సంగమేశ్వరం దగ్గర కృష్ణలో తుంగభద్ర కలిసిందా, ఇదిగో శ్రీశైలం, ఇదిగో కొల్లంవాగు, ఇదిగో మన నల్లమల అని. పటం మీద సొంత ఊరు దొరికిన పిల్లకాయ మొహం చూడండి ఒకసారి. పండగ!

"ఇదంతా బాగానే ఉంది, సోషల్‌తో ఉద్యోగం వస్తదా?" అదే గదా మీ మనసులో ఉన్నది? పది కాగానే అందరినీ ఎంపీసీలోనో బైపీసీలోనో చేర్పిస్తారు, హెచ్‌ఈసీ అంటే మొహం తిప్పుకుంటారు. ఆ తర్వాత ఇంజనీరింగ్ చేసిన పిల్లకాయలు గ్రూప్స్ రాస్తామని ఒంగోలు, హైదరాబాదుల్లో రూములు తీసుకుని ఏం చదువుతారో తెలుసా? ఆరు నుంచి పది దాకా సోషల్ పుస్తకాలు! 2023 గ్రూప్-2 నోటిఫికేషన్ లెక్క వినండి. ప్రిలిమ్స్ 150 మార్కులు. చరిత్ర 30, భూగోళం 30, భారత సమాజం 30. తొంభై మార్కులు సోషల్‌వే. అప్పుడు కోచింగు సెంటరుకు వేలకు వేలు కట్టి చదివేది, ఇప్పుడు మన జెడ్పీ హైస్కూల్లో సారు ఊరికే చెప్తుంటే చెవిన పెట్టరేం?

ఉద్యోగం సంగతి అట్టా ఉంచండి. ఓటు వేసే వయసుకు మూడేళ్ల ముందు చదివే చదువు ఇది. మీ వాడు రేపు ఏ ఊరు పోయినా, ఏ పని చేసినా, రేషను కార్డు మొదలు రాజ్యాంగం దాకా వాడి వెంట నడిచేది ఈ నాలుగు పుస్తకాలే. లెక్కలు తప్పితే మళ్లీ చేసుకోవచ్చు. ఊరి నీళ్లు ఎటు పోయినయో, పంచాయతీ డబ్బు ఎటు పోయిందో అడగడం రాకపోతే దాన్ని దిద్దేవాళ్లెవరు?

కాబట్టి నా మాట వినండి. ట్యూషన్ పెట్టమనను, డబ్బు దండగ. రోజుకు ఒక్క పేజీ మీ వాడు పైకి చదవాలి, మీరు వినాలి. ఆదివారం అందరం కలిసి భైరవకోన పోదాం. కొండనే తొలిచి చేసిన ఎనిమిది గుళ్లు, వెయ్యేళ్లకు పైబడ్డవి, మన పక్క సీఎస్ పురం మండలంలోనే ఉన్నయి. సద్ది నేను కడతా. అట్లాసు, పదో తరగతి చరిత్ర పుస్తకం మీ వాణ్ణి తెమ్మనండి.